వెదురుకు చుట్టిన ఒడ్డు

ఈమధ్య తెనాలిలో నాటకాల పోటీలు జరుగుతుంటే చూడ్డానికి వెళ్ళాను. చూడ్డానికి కాదు, తప్పులు పట్టడానికి వెళ్ళానని మా ఆవిడ అంటుంది. అక్కడ రంగాలంకరణ చేస్తున్న ఇద్దరు యువకులూ ఒక అమ్మాయీ నన్ను పట్టుకుని కూర్చోబెట్టారు. వాళ్ళ నాటకంలో తుఫాను ఉంది. వెనక గోడంత కరెంటు తెర మీద సముద్రం ఎగిరెగిరి పడుతోంది, నిమిషానికో మెరుపు మెరుస్తోంది.

"మీ రోజుల్లో తుఫాను ఎట్టా చూపించేవాళ్ళండీ?" అని ఆ అమ్మాయి అడిగింది.

"గుడ్డ మీద గీసి వేలాడదీసేవాళ్ళమమ్మా."

"మరి అది కదలదు కదండీ?"

"తెర కదలదు. చూసేవాడు కదిలేవాడు" అన్నాను.

అన్నాక నాకే కాస్త గొప్పగా అనిపించింది. ఇంటికొచ్చి మంచం మీద వాలాక, నేను చెప్పింది సగమేనని తోచింది. చూసేవాడు నిజంగా కదిలిపోతే ఏమవుతుందో వాళ్ళకు చెప్పలేదు. ఆ మిగతా సగం కోసం ఇది రాస్తున్నాను. ఎన్ని తెరలు గీశానో, ఎవరు ఏ శాలువా కప్పారో రాయను. శాలువాలు బీరువాలో ఉన్నాయి, కలరా ఉండలు కూడా వేశాం.

నేల మీద ఆకాశం

మా మాస్టారి పేరు సూర్యం. తెనాలిలో కాలవ గట్టున ఒక పాత ధాన్యం గోదాములో ఆయన నాటకాల తెరలు గీసేవారు, గీసినవి ఊళ్ళకు అద్దెకు పంపేవారు. దర్బారు, అడవి, వీధి, కైలాసం, శ్మశానం. ఈ ఐదు తెరలూ ఉంటే ఆ రోజుల్లో ఏ పౌరాణికమైనా ఆడేయొచ్చు. ఎనభైల మొదట్లో నేను ఆయన దగ్గర చేరాను. అప్పటికి నాకు పెళ్ళయింది, సినిమా బోర్డులు రాసిన అనుభవం ఉంది, అంతా వచ్చనే పొగరు కూడా ఉంది.

నాటకం తెరను గోడకు కట్టి గీయరు. ఇరవై నాలుగడుగుల గుడ్డ నేల మీద పరిచి, సుద్దా బంకా కలిపి పూసి, ఆరాక దాని మీద నడుస్తూ గీస్తారు. రంగు పొడులను నీళ్ళలో కలిపి, ఉడికించిన బంక పోస్తారు. నూనె రంగు వేస్తే తెర చుట్టినప్పుడు పగిలిపోతుంది, దీపాలకు తళతళలాడుతుంది. నీళ్ళ రంగు పగలదు, మెరవదు. దానికి శత్రువు నీరు ఒక్కటే. కుంచెకు పొడుగాటి కర్ర కట్టుకుని, చెప్పులు గుమ్మం బయట విడిచి, నిలబడి పనిచేయాలి.

అంటే పొద్దున టిఫిన్ తిని వచ్చింది మొదలు మధ్యాహ్నం దాకా మేము వట్టి కాళ్ళతో ఆకాశంలో తిరిగేవాళ్ళం. మబ్బు మీద నిలబడి టీ తాగేవాళ్ళం. తడి ఆరని చోట కాలు పడితే ఆకాశంలో అడుగు ముద్ర పడేది. దాన్ని ఇంకో మబ్బుగా మార్చడం నేను అక్కడ నేర్చుకున్న మొదటి విద్య. గోదాము తలుపు తెరిచి ఉంటే కాలవ మీది వెలుతురు లోపలికి వచ్చి, రేకుల కప్పు మీద వణుకుతూ, కింద నేను గీసిన నీళ్ళ మీద కూడా వణికేది. ఏ నీళ్ళు కదులుతున్నాయో తెలియక కుంచె పట్టుకుని అట్లాగే నిలబడిపోయేవాణ్ని. మాస్టారు తిట్టేవారు కాదు. తలెత్తి చూస్తే ఆయనా నిలబడే ఉండేవారు.

మాస్టారికి రెండు పట్టింపులు ఉండేవి. గీసిన తెరను గోదాము ముందు వేలాడదీయించి, నన్ను కాలవ అవతలి గట్టుకు పంపి, అక్కణ్ణుంచి చూసి రమ్మనేవారు. ఆ దూరాన అర్థం కాని గీత గీయనట్టే లెక్క. రెండోది వెదురు సంగతి. తెర అడుగున ఒక లావుపాటి వెదురు ఉంటుంది. తాడు లాగితే ఆ వెదురు దొర్లుకుంటూ, తెరను తన చుట్టూ చుట్టుకుంటూ పైకి పోతుంది. ఆ వెదురుకు అడుగున మూరెడు గుడ్డ చుట్టి కుట్టేసి ఉంటుంది. తెర పూర్తిగా దించినా ఆ మూరెడు విప్పుకోదు, ఎవరికీ కనపడదు.

"ఆ మూరెడు వెదురుదిరా ప్రసాదూ. మనది కాదు. దాని మీద చుక్క రంగు పడకూడదు" అనేవారు.

రాజుగారి తల

నా మొదటి తప్పు చిన్నది, నవ్వొచ్చేది. పిట్టలవానిపాలెంలో నాటకానికి దర్బారు తెర నేనొక్కణ్నే గీశాను. స్తంభాలు, తోరణాలు, వెనక నగిషీల ద్వారం. కాలవ అవతల నుంచి చూస్తే నాకే చెయ్యెత్తి దణ్ణం పెట్టాలనిపించింది. రాజు వేషధారి వచ్చి దాని ముందు నిలబడ్డాడు. ఆయన కిరీటం ద్వారబంధం కంటే జానెడు పైకి ఉంది. పద్యం అందుకోబోతుంటే ముందు వరసలో ఒక ముసలాయన, "బాబూ, లోపలికెళ్ళేటప్పుడు తల జాగ్రత్తండీ" అన్నాడు. ఆ పద్యం ఇక ఎవరికీ వినపడలేదు.

తెనాలి వచ్చాక మాస్టారు ఒకటే అన్నారు: "నువ్వు రాజభవనం గీశావు. దాని ముందు ఒక మనిషి నిలబడతాడన్న సంగతి మర్చిపోయావు." నాకు అర్థమైందనే అనుకున్నాను. ద్వారాలు ఎత్తు పెంచాను. అంతకు మించి అందులో ఏదో ఉందని తెలియడానికి తుఫాను గీయాల్సి వచ్చింది.

గీత పోయిన రోజు

బాపట్లలో ఒక లెక్చరరుగారు ఉండేవారు. కాలేజీలో పాఠాలు, ఇంట్లో నాటకాలు. సముద్రపు పల్లె మీద ఒక నాటకం రాసి, చివరి రంగానికి తుఫాను తెర కావాలని మాస్టారి దగ్గరికి వచ్చారు. అప్పటికి మాస్టారికి చెయ్యి వణుకుతోంది, ఒక కంట్లో శుక్లం.

"ఈ ఒక్క తుఫానూ గీసి కుంచె కడిగేస్తానురా" అన్నారు నాతో.

నమూనా నన్ను వేయమన్నారు. వేశాను. ఆయన కాసేపు చూసి, "మన కాలవకి కోపమొచ్చినట్టుంది. పోయి సముద్రం చూసి రా" అన్నారు.

తెనాలి నుంచి రేపల్లె రైలెక్కి, అక్కణ్ణుంచి బస్సులో వెళ్ళి, బస్సు ఆగిన చోటు నుంచి నడిచి సముద్రపొడ్డున ఒక జాలర్ల పల్లెపాలెం చేరాను. వాయుగుండాల కాలం. ఏడుకొండలు అనే ఆయన తన పూరింటి అరుగు మీద పడుకోనిచ్చాడు. ఆయన భార్య నాంచారమ్మ మూడు రోజులు చేపల పులుసుతో అన్నం పెట్టింది. నేను పగలంతా ఇసుకలో కూర్చుని నీళ్ళు చూస్తూ ఉండేవాణ్ని.

"ఏంటి తమ్ముడూ, పొద్దస్తమానం ఏం చూస్తన్నావు?" అన్నాడు ఏడుకొండలు.

"తుఫాను ఎట్టా ఉంటుందో చూద్దామనండీ."

"దాన్ని చూసినోడు ఇట్టా కూర్చుని ఉండడులే" అని నవ్వాడు. "చెప్తా విను. ముందు గాలి ఆగిపోద్ది. ఒక్క పిట్ట కనపడదు. ఆకాశం దిగొచ్చి నీళ్ళ మీద కూర్చుంటది. అప్పుడు దానికీ దీనికీ మధ్యన గీత ఉండదు. గీత పోయిందంటే పడవ తిప్పెయ్యాలంతే."

మూడో రోజు మధ్యాహ్నం గీత పోయింది. పైనా కిందా ఒకే బూడిద రంగు. నేను కూర్చున్న ఇసుక కూడా ఆ రంగులోకే తిరిగింది. నిద్రలో ఉన్నానో మెలకువగా ఉన్నానో తెలియనంత నిశ్శబ్దం. ఆ బూడిదలోంచి పడవలు ఒక్కొక్కటే ఒడ్డుకొస్తున్నాయి. అందరికంటే ఆఖర్న వచ్చిన పడవ తెరచాపకు పైమూల అరచెయ్యంత పసుపుపచ్చ అతుకు ఉంది. లోకమంతటికీ రంగు అదొక్కటే. నా చెయ్యి దానంతటదే కాగితం మీదికి పోయింది. ఆ పడవ ఏడుకొండలుదని, అది ఒడ్డు తాకాక తెలిసింది. అప్పటికి బొమ్మ అయిపోయింది. దాన్ని ఆయనకు చూపించలేదు, వాడుకుంటానని చెప్పలేదు. సంచిలో పెట్టుకుని రైలెక్కాను.

బొటనవేలి పసుపు

ఆ తెర గీసిన రోజులు నా జీవితంలో మంచి రోజులు. మొత్తం గుడ్డ మీద గీత లేదు. ఆకాశం ఎక్కడ ఆగిందో నీళ్ళు ఎక్కడ మొదలయ్యాయో మాకే తెలియదు. తడిమీద తడి వేసుకుంటూ పోయాం. నీలం, మసి, మురుగు ఆకుపచ్చ ఒకదాంట్లోకి ఒకటి పారుకుంటూ, రాత్రి మేము ఇంటికి పోయాక కూడా వాటంతటవే కాస్త జరిగి, పొద్దున వచ్చేసరికి కొత్త మబ్బులు అయ్యేవి. "తెరంటే అల అని కూడా అర్థంరా. మన పనికి పేరు పెట్టినవాడెవడో సముద్రం చూసే ఉంటాడు" అన్నారు మాస్టారు ఒకరోజు, ఒక పెద్ద కెరటం నడుమ కూర్చుని వక్క నములుతూ.

నడిమధ్యన నేను ఆ పడవ గీశాను. తెరంత నీళ్ళలో అది మూరెడు కూడా లేదు. మాస్టారు కుంచె పక్కన పెట్టి, వణికే చేతిని రెండో చేత్తో పట్టుకుని, బొటనవేలితో తెరచాప మూల పసుపు అద్దారు. తర్వాత బకెట్లో చెయ్యి కడుక్కున్నారు. ఆయన తెర మీద పెట్టిన ఆఖరి రంగు అదే.

బాపట్లలో ఆ తెర దిగినప్పుడు ముందు వరసలో కూర్చున్న వాళ్ళు కాళ్ళు ఎత్తి కుర్చీల మీద పెట్టుకున్నారు. నా కళ్ళతో చూశాను. లెక్చరరుగారు మాస్టారి చేతులు పట్టుకుని, "మీరు గీసిన తుఫాను నేను రాసిన తుఫాను కంటే పెద్దదండీ" అని కళ్ళు తుడుచుకున్నారు. నేను పక్కన నిలబడి లోలోపల ఊరేగుతున్నాను.

ఒడ్డేది బాబూ?

కొన్ని నెలలకు ఆ పల్లెపాలెం వాళ్ళే గంగమ్మ తల్లికి కొలుపులు చేస్తూ ఆ నాటకం పెట్టించారు. తెర తీసుకుని నేనే వెళ్తానన్నాను. ఏడుకొండలుకు చూపించాలని నా ఆశ. ఆయన పడవను ఎంత గొప్పగా గీశానో చూసి మురిసిపోతాడనుకున్నాను.

సాయంత్రం నాటకం. మధ్యాహ్నమే ఇసుకలో గుంజలు పాతించి, తాళ్ళు సరిగ్గా జారుతున్నాయో లేదో చూద్దామని తెర దించాను. నీళ్ళ బిందెలతో పోతున్న ఆడవాళ్ళు ఆగారు. వలలు బాగుచేసుకుంటున్న మగవాళ్ళు లేచి వచ్చారు. ఒక్కరూ మాట్లాడలేదు. నేను దాన్ని మెప్పు అనుకున్నాను.

నాంచారమ్మ బిందె దించి తెర దగ్గరికి వచ్చింది.

"ఆ పసుపు ముక్క నా పెళ్ళి చీరది. తెరచాప చిరిగితే నేనే కుట్టాను" అంది. "బాబూ, నీకు అన్నం పెట్టాను కదా. మా పడవని తీసుకెళ్ళి అందులో ఎందుకు పడేశావు?"

"బొమ్మేనే" అన్నాడు ఏడుకొండలు నవ్వబోతూ.

"బొమ్మయితే మన పడవే ఎందుకేశాడు?" ఆమె తెర ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిచి, మళ్ళీ నా ముందుకొచ్చింది. "ఒడ్డేది బాబూ? ఎటు చూసినా నీళ్ళేగా. ఆ పడవలో ఉన్నోడు ఎటు రావాలి?"

ఆ తెర మీద ఒడ్డు లేదు. ఒడ్డు ఉంటే బొమ్మ బలం తగ్గుతుందని నేనే వద్దన్నాను.

ఏడుకొండలు పడవలో ఆయనతో కలిసి నలుగురు. కొలుపులు అయిన మర్నాడు అందరూ వేటకు పోవాలి. మిగతా ముగ్గురిలో ఒకడు, "ఆ బొమ్మలో పడవ ఒడ్డుకొచ్చేదాకా నేనెక్కను అన్నా, ఏమీ అనుకోమాక" అన్నాడు. తక్కిన ఇద్దరూ తలలు దించుకున్నారు. మనుషులు లేని పడవ ఇసుకలో ఉండాల్సిందే. వేట లేకపోతే ఆ ఇంట్లో పొయ్యి లేదు. నేను గీసిన మూరెడైనా లేని బొమ్మ ఒక నిజమైన పడవను కట్టేసిందని అప్పుడు తెలిసింది.

ఇక్కడ నేను చేసిన పని కూడా రాయాలి. అందరూ గుడి వైపు వెళ్ళాక, రంగుల డబ్బా తీసి బూడిద రంగు కలిపి, ఆ పడవను తుడిచేశాను. పసుపుతో సహా. గబగబా, దొంగలాగా. పడవే లేకపోతే గొడవే లేదనుకున్నాను.

నాంచారమ్మ పసుపు కుంకుమలతో తిరిగొచ్చి తెర వంక చూసింది.

"పడవేదీ?"

నేను కుంచె వెనక్కి దాచాను.

"ఇందాకటిదాకా ఉందిగా. పడవేది బాబూ?"

ఆమె చేతిలో పళ్ళెం ఇసుకలో పడింది. ఉన్నచోటే కూలబడి నెత్తిన చెయ్యి పెట్టుకుంది. అంతవరకూ పడవ తుఫానులో ఉంది. నేను ముంచేశాను. ఊరు ఊరంతా నిలబడి చూస్తున్నా ఒక్కరూ నన్ను తిట్టలేదు, చెయ్యెత్తలేదు. కొట్టి ఉంటే నాకు తేలికగా ఉండేది. ఆ పూట తెరను పైకి చుట్టేసి, అది లేకుండానే నాటకం ఆడారు.

వెదురుని అడిగి

మర్నాడు తొలి రైలుకు తెనాలి వచ్చి మాస్టారికి అంతా చెప్పాను. ఆయన బొటనవేలి పసుపు నేను చెరిపేశానన్న సంగతి కూడా చెప్పాను.

"గీసేముందు ఆ ఏడుకొండలుని అడిగావురా?"

"లేదండీ."

"చెరిపేముందు ఆ అమ్మాయిని అడిగావా?"

"లేదండీ."

ఆయన చొక్కా తొడుక్కుని, "పద" అన్నారు. రైల్లో రేపల్లె దాకా కిటికీలోంచి వరి చేలు చూస్తూ కూర్చున్నారు. బస్సు దిగాక ఇసుకలో నడవలేకపోతే నేను చెయ్యి పట్టుకున్నాను.

చుట్టిన తెర ఇంకా గుంజలకే ఉంది. తాడు వదిలి కిందికి దించాను. నాంచారమ్మ ఇంట్లోంచి రానంది. మాస్టారే గుమ్మం ముందుకెళ్ళి నిలబడ్డారు.

"అమ్మాయ్, మావాడు తెలివితక్కువ పని చేశాడు. పడవని ఒడ్డుకు తెద్దామని వచ్చాను. నువ్వు దగ్గరుండి చెప్పాలి. మీ ఒడ్డు ఎట్టా ఉంటుందో నాకు తెలియదు."

ఆమె చెంగు మొహానికి అడ్డం పెట్టుకుని బయటికొచ్చింది. నేను మాస్టారి చెవిలో, "ఒడ్డుకు చోటెక్కడుందండీ? అంతా నీళ్ళేగా" అన్నాను. ఆయన వంగి, వణికే వేళ్ళతో వెదురు మీది కుట్లు విప్పడం మొదలుపెట్టారు. ఆ మూరెడు గుడ్డ విప్పుకుంది. తెల్లగా, మచ్చ లేకుండా.

"అది వెదురుదన్నారు కదండీ?"

"అందుకే వెదురుని అడిగి తీసుకుంటున్నా" అన్నారు.

ఆయన చెయ్యి నిలవడం లేదు కాబట్టి నేను గీశాను. నాంచారమ్మ చెప్పింది. ఇసుక ఇంత తెలుపు కాదంది. పడవ ముక్కు ఊరి వైపు ఉండాలంది. ఒడ్డున తాడు కట్టే మేకు ఎక్కడుంటుందో, వల ఎక్కడ ఆరేస్తారో వేలుపెట్టి చూపించింది. తెరచాప మడిచి పడవలో పెట్టి, పసుపు ముక్క పైకి కనపడేలా వేయమంది. పసుపు రంగు నేను వేయలేదు, వేలితో ఆమెనే అద్దమన్నాను. మూరెడు ఎత్తు, తెరంత వెడల్పు ఉన్న ఆ గుడ్డ మీద పల్లెపాలెం ఒడ్డు నెమ్మదిగా తేలింది. ఏడుకొండలూ, ఆ ముగ్గురూ వచ్చి చుట్టూ గొంతుక్కూర్చున్నారు.

అంతా అయ్యాక ఆమె మాస్టారి వంక అనుమానంగా చూసింది.

"పడవొచ్చింది సరే. మరి మనిషేడండీ?"

నేను గతుక్కుమన్నాను. మనిషిని గీయడానికి జానెడు చోటు కూడా మిగల్లేదు. మాస్టారు తడుముకోకుండా, "భోజనానికి ఇంటికెళ్ళాడమ్మా" అన్నారు.

ఆమె చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఏడుకొండలు పెద్దగా నవ్వాడు. మర్నాడు పొద్దున ఆ పడవ వేటకు పోయింది.

రంగు ఆరాక మాస్టారు ఆ గుడ్డను మళ్ళీ వెదురుకే చుట్టించి కుట్టించారు. ఆ తర్వాత ఆ తెర రేపల్లెలో, చుండూరులో, ఇంకా చాలా ఊళ్ళలో దిగింది. చూసేవాళ్ళకు ఎటు చూసినా నీళ్ళే. అడుగున ఒక ఒడ్డు ఉందని తెర చుట్టే మాకే తెలుసు. చుట్టేటప్పుడల్లా మాస్టారు, "ఒడ్డు జాగ్రత్తరోయ్" అని అరిచేవారు.

నిజం చెప్పాలంటే పడవ తీసేశాక ఆ బొమ్మ దెబ్బతింది. లెక్చరరుగారు నా మీద మండిపడ్డారు. "కంటికి ఆనే చోటు అదొక్కటేనయ్యా, దాన్ని చంపేశావు" అన్నారు. ఆయన అన్నది సబబే. ఈ పనిలోకి వచ్చే మీలాంటివాళ్ళకు నేను చెప్పేదల్లా ఇది: బొమ్మ మంచిదో కాదో చెప్పడానికి లెక్చరర్లు ఉంటారు. అందులో ఎవరి చీర ముక్క ఉందో మీరు కనుక్కోండి. గీసేముందు అడగండి, చెరిపేముందు ఇంకో రెండుసార్లు అడగండి. కరెంటు తెర అయినా అంతే.

నీళ్ళలోకి నీళ్ళు

మాస్టారు పోయారు. ఊళ్ళలోకి వీడియోలు వచ్చాయి. గోదాము నేనే నడిపాను, కానీ తెరలు ఎక్కువ రోజులు దూలాలకే వేలాడేవి. తొంభయ్యో సంవత్సరం వేసవిలో తుఫాను వచ్చింది. మేము గీసిన దాని లాంటిది కాదు, అసలుది. తెనాలిలోనే గాలి రోజంతా ఏడ్చింది. అది తగ్గాక గోదాముకు వెళ్ళి చూస్తే కప్పు రేకులు లేచిపోయాయి. లోపల మోకాలి లోతు నీళ్ళు. ఆ నీళ్ళలో దర్బారు ఎరుపు, అడవి ఆకుపచ్చ, కైలాసపు తెలుపు కలిసి సుడులు తిరుగుతున్నాయి. నా పదేళ్ళ పని కాళ్ళ చుట్టూ రంగురంగులుగా పారుతోంది. ఏడవాలో చూస్తూ నిలబడాలో తెలియలేదు. అంత అందంగా ఉంది.

తుఫాను తెర దూలానికే ఉంది. దించి, బల్లల మీద విప్పుతూ వచ్చాను. ఆకాశం లేదు. మెరుపు లేదు. కెరటాలు లేవు. పాల లాంటి మురికి నీళ్ళు కారుతున్నాయి. నీళ్ళ రంగుతో గీసిన సముద్రం నీళ్ళలోకే పోయింది. విప్పుతూ విప్పుతూ వెదురు దాకా వచ్చాను. అక్కడ గుడ్డ బిగుతుగా, పొడిగా తగిలింది. అన్ని చుట్ల లోపల ఉన్నది కాబట్టి వాన దాని దాకా రాలేదు. కుట్లు విప్పాను. ఇసుక, మేకు, ఆరేసిన వల, ఊరి వైపు తిరిగిన పడవ, పసుపు ముక్క. అంచుల్లో కాస్త చెమ్మ తప్ప ఏమీ కాలేదు.

దాన్ని చూశాకే ఆ ఊరు గుర్తొచ్చింది. ఆ పల్లెపాలెం ఏమైందో అప్పటిదాకా నేను ఆలోచించలేదు. నా గోదాము, నా తెరలు, ఇవే. ఆ మూరెడు గుడ్డ కత్తిరించి, చుట్టి, చంకలో పెట్టుకుని బయల్దేరాను. రైళ్ళు లేవు. రేపల్లె దాకా లారీలో, ఆ తర్వాత బురదలో నడక. దారి పొడుగునా చెట్లు ఒకే వైపు పడిపోయి ఉన్నాయి. ఎదురొచ్చిన వాళ్ళను ఆ పల్లె గురించి అడగకుండానే నడిచాను.

పల్లెపాలెంలో ఇళ్ళ కప్పులు లేవు. ఒడ్డున కట్టే మేకు ఉంది, తాడు ముక్క ఉంది. పడవ లేదు. దాని చెక్కలు దూరంగా ముళ్ళ పొదల్లో ఇరుక్కుని కనపడ్డాయి. ఇంటి దిబ్బ మీద నాంచారమ్మ ఒక్కతే కూర్చుని, బురదలోంచి గిన్నెలు ఏరి తుడుస్తోంది. నేను వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను. ఆమె నన్నూ, నా చంకలో చుట్టనూ చూసింది.

"ఒడ్డు తెచ్చావా బాబూ?" అంది.

తల ఊపాను. ఆ చుట్ట ఆమె ఒళ్ళో పెట్టాను. ఆమె కొంచెం విప్పి, పసుపు ముక్క దాకా చూసి, మళ్ళీ జాగ్రత్తగా చుట్టింది.

ఎన్నో ఏళ్ళ క్రితం ఆమె అడిగిన మాటే నా నోట్లోంచి వచ్చింది. "మనిషేడమ్మా?"

ఆమె బురద చెయ్యి ఎత్తి, దూరంగా ఉన్న తుఫాను షెల్టరు వైపు చూపించింది. దాని ముందు జనం వరసలుగా కూర్చుని ఉన్నారు, ఎవరో బకెట్లతో అన్నం వడ్డిస్తున్నారు.

"భోజనానికెళ్ళాడు బాబూ" అంది.